రెండో రివ్యూయర్ని నేనే

రజిత వ్యాసాన్ని తిరగ్గొట్టించింది నేనే. ఈ మాట మొన్నమొన్నటి వరకూ ఎవరితోనూ అనలేదు.

కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది అది. మాదాపూర్‌లో ఒక ఐటీ భవనంలో సగం అంతస్తు అద్దెకు తీసుకుని నడిచే చిన్న పరిశోధన సంస్థలో నేను సీనియర్ని. కింద సాఫ్ట్‌వేర్, పైన సాఫ్ట్‌వేర్, మధ్యలో మా రాజనీతి శాస్త్రం. లిఫ్టులో ఎవరైనా "మీరేం చేస్తారండీ?" అంటే "అంతర్జాతీయ సంబంధాలు" అనేవాణ్ని. "అంటే వీసాలాండీ?" అని అడిగేవారు.

రజితది బోరబండ. మా దగ్గర కాంట్రాక్ట్ మీద చేరింది. గడువులోగా మంచి జర్నల్ ఒక్క వ్యాసమైనా తీసుకుంటేనే ఉద్యోగం నిలుస్తుంది. ఆమె ఎంచుకున్న విషయం చూసి మేమంతా నవ్వాం. ఒక విదేశీ కంపెనీ ప్రహరీ కడితే పక్క ఊరి బోనాలు వెళ్లే దారి మూసుకుపోయింది. ఊరివాళ్లు పట్టుబట్టి గోడకు గేటు పెట్టించుకున్నారు. ఆ కథ కోసం రజిత నెలల తరబడి ఆ ఊరి చుట్టూ తిరిగింది.

"ఆ ఊరి పెద్దమనిషి ఏమన్నడో తెల్సా సార్?" అని ఒకరోజు భోజనాల దగ్గర చెప్పింది. "'ఎమ్మార్వోకు జెప్తే కలెక్టర్ తాన పో అన్నడు. కలెక్టర్‌కు జెప్తే కంపెనోళ్లను అడుగు అన్నడు. ఇగ కంపెనోళ్లనే పరేషాన్ జేసినం. వాళ్ల దేశంకెల్లి దొర దిగిండు!' ఇది దౌత్యం గాదా సార్?"

"దౌత్యం కాదమ్మా, దబాయింపు" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మా రంగంలో పీర్ రివ్యూ అనే పద్ధతి ఉంది. జర్నల్‌కు వచ్చిన వ్యాసాన్ని రచయిత పేరు తీసేసి అదే రంగంలోని ఇద్దరికి పంపుతారు. వాళ్ల పేర్లు రచయితకు తెలియనివ్వరు. రచయిత ఎవరో గుర్తుపడితే ఆ రివ్యూయర్ తప్పుకోవాలి. ఓ ఉదయం నాకొక వ్యాసం వచ్చింది. గోడ, గేటు, బోనం కనిపించగానే ఎవరిదో తెలిసింది. తప్పుకోలేదు.

కారణం ఒక్క వాక్యం. విదేశీ కంపెనీలతో ఒప్పందాలు ప్రభుత్వాల మధ్యే జరుగుతాయని, అక్కడి ఊళ్లకు అందులో నోరే లేదని నేనొక పుస్తకం రాశాను. నాకున్న పేరంతా దానివల్లే. రజిత ఆ పుస్తకాన్ని ప్రస్తావించి, చాలా మర్యాదగా, అది నిజం కాదని రాసింది. రుజువులు గట్టిగా ఉన్నాయి. నేను మాత్రం రిజెక్ట్ చేయమని రాసిచ్చాను.

వారం తిరక్కుండా ఆమె ఫోన్ పట్టుకుని నా గదికి వచ్చింది. మొదటి రివ్యూయర్ మెచ్చుకున్నాడు. రెండో రివ్యూయర్ రాసిన ఇంగ్లిష్‌ను తెలుగులో చెప్పుకుంటూ చదివింది.

"'ఇది అంతర్జాతీయ సంబంధాల పరిశోధన కాదు. ఊరి కబుర్లు సాక్ష్యం కావు.' గిట్ల రాసిండు సార్. ఏసీల గూసున్నోడికి ఊరు ఏం ఎరుక? జర మీరే జెప్పుండ్రి, వీనికి ఏం గావాలె?"

నా వాక్యాలు నాకే వినిపిస్తున్నాయి. "రివ్యూయర్లు అంతేనమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఆ ఊరి భాగం తగ్గించి ఇంకో జర్నల్‌కి పంపు" అని సలహా కూడా ఇచ్చాను. నన్ను నమ్మి వ్యాసంలో ప్రాణమున్న భాగాన్ని కోసేసింది. ఆ జర్నల్, ఇందులో కొత్త విషయమేమీ లేదని తిప్పి పంపింది. కాంట్రాక్ట్ పొడిగించలేదు. ఆ నిర్ణయం తీసుకున్న సమావేశంలో నేనూ ఉన్నాను, నోరు విప్పలేదు.

ఈ మధ్య ఒక విదేశీ ప్రొఫెసర్ మా సెమినార్‌కు వచ్చి, దేశాల వ్యవహారాల్లో ఊళ్లు కూడా బేరమాడతాయని ప్రసంగించాడు. హాలంతా చప్పట్లు. సభాధ్యక్షుడిగా నేను "కొత్త చూపు" అని పొగిడాను. ఇంటికి వెళ్లాక రజిత వ్యాసం తీసి మళ్లీ చదివాను. మర్నాడు రజితకు ఫోన్ చేసి, ఒకసారి కలవాలన్నాను.

ఆమె ఇప్పుడు ఒక ఐటీ కంపెనీలో కస్టమర్ల ఫిర్యాదులకు జవాబులు రాస్తోంది. డ్యూటీ అయ్యాక హైటెక్ సిటీ స్టేషన్‌లో, బోరబండ వైపు రైలు కోసం ఆగినప్పుడు, ప్లాట్‌ఫామ్ మీద అంతా చెప్పాను.

"మా సార్ మంచోడని మా అమ్మకు గూడ జెప్పిన" అంది.

"మన రంగంలో పద్ధతే అలా ఉంది రజితా, పేర్లు దాచి..."

"పద్ధతి మీదికి ఎందుకు నూకుతరు సార్? రాసింది మీరు గదా."

క్షమించమన్నాను. రైలు వస్తుంటే బ్యాగు భుజాన వేసుకుంది.

"నా పని పనికిరాదని ఆఫీసు మొత్తానికి తెల్సింది. పనికొస్తదని నాకొక్కదానికే జెప్తరా?"

జర్నల్ సంపాదకుడికి, మా డైరెక్టర్‌కు జరిగింది రాసి పంపాను. రివ్యూయర్ పేరు దాచేది నిజం నిర్భయంగా చెప్పడానికి. నేను దాని చాటున నా అసూయను దాచుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేర్చుకున్నది ఇదేనని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

రజితా, నీ వ్యాసం సరైనది. నా పుస్తకం తప్పు. అది తెలిసే నీ పనిని కొట్టేశాను, ఆపైన నిన్నే ఓదార్చాను. అందరూ చదివేలా ఇక్కడ రాసి అడుగుతున్నాను, నన్ను క్షమించు.