పాడినవారి పేరు

అమలాపురంలో మా బాబాయిగారు పోయారని ఫోనొచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా నీరసం వచ్చింది. ఆయన కంప్యూటరులో సగంలో ఆగిపోయిన పాటలన్నీ ఇక నా నెత్తినే పడ్డాయని తెలిసిపోయింది.

రిటైరయ్యాక ఆయన చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాత క్యాసెట్లు తెచ్చి కంప్యూటరులోకి ఎక్కించేవారు. పెళ్లిపాటలు, హరికథలు, పేరంటాల్లో పాడిన మంగళహారతులు. ఎక్కించడం తేలికే. ప్రతి పాటకూ ఆల్బమ్, వరస నంబరు, పాడినవారి పేరు రాయడంలోనే ప్రాణం పోయేది. ఒకే హరిదాసుగారిని ఒకచోట ఇంటిపేరుతో, మరోచోట ఇంటిపేరు లేకుండా రాస్తే, ఆ సాఫ్టువేరు ఆయన్ని ఇద్దరిని చేసి, ఒక్క హరికథను రెండు ముక్కలుగా చూపించేది. ఆదివారాలు నేను వెళ్లి ఆ ముక్కలు అతికించేదాన్ని.

"ఇంక చాలు బాబాయిగారూ, కళ్లు లాగేస్తున్నాయి. ఎవరు చూస్తారండీ ఇవన్నీ?" అనేదాన్ని.

"వెతికేవాళ్లకి దొరక్కపోతే పాడనట్టేనమ్మా. కాఫీ తాగి రా, మళ్లీ కూర్చుందాం," అనేవారు. విసుక్కోవడం ఆయనకు చేతకాదు. నాకు బాగా వచ్చు. అయినా మళ్లీ ఆదివారం రమ్మని ఆయనే ఫోను చేసేవారు.

పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్లిపోయాక, కంప్యూటరు ముందు కూర్చున్న నా పక్కకి పిన్నిగారు కుర్చీ లాక్కున్నారు.

"నా హారతులు కూడా ఎక్కించేనన్నారమ్మా. ఓసారి పెట్టవా?"

పిన్నిగారి పేరు కొట్టాను. ఏమీ రాలేదు. ఇంటిపేరుతో కొట్టాను, లేదు. ఊళ్లో అందరి పేర్లూ ఉన్నాయి, ఆవిడ పేరు లేదు.

"పోన్లే. మర్చిపోయుంటారు," అన్నారావిడ. ఆ గొంతు విని నాకు బాబాయిగారి మీద నిజంగా కోపం వచ్చింది.

అప్పుడు తట్టింది. భార్యను పేరు పెట్టి పిలవడం ఆయన ఎరగరు. ఎవరితో మాట్లాడినా "మా ఇంట్లో అడిగి చెప్తానండీ" అనేవారు. ఆ రెండు మాటలే కొట్టాను.

ఒక్కటే ఆల్బమ్. ఎక్కడా ముక్కలు కాలేదు, వరస తప్పలేదు. ప్రతి పాటకూ పాడినవారు: మా ఇంట్లో.

"పేరు మార్చమంటారా పిన్నీ?"

"వద్దమ్మా. అలాగే ఉంచెయ్."

కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మొదటి హారతి పెట్టాను. అది అయిపోయింది. ఆపుదామని చెయ్యి చాపేలోపే తర్వాతి పాట మొదలైంది. అదీ ఆవిడదే. ఆ తర్వాతదీ.