మంచుకెక్కిన సమ్మె

ఆమె ఉద్యోగం మంచు కోయడం. ఏటికో పొరగా కొండమీద పేరుకున్న మంచులోకి గొట్టం దించి తీసిన దిమ్మలను చలిగదిలో రంపంతో ముక్కలు చేస్తుంది. ఏ పొరలో ఎంత సీసం ఉందో పక్కగదిలో తేలుస్తారు. ముఖానికి పౌడరు రాసుకుని లోపలికి వెళ్లినా లెక్క తప్పుతుందని అంటారు. అంత మడి.

ఆమె తండ్రి మాత్రం ఆ కొండ కిందే సీసం ఫ్యాక్టరీలో కొలిమి మేస్త్రీగా చేసి దిగిపోయాడు. ఇంటి వృత్తి పిల్లలకు రావడమంటే ఇదేనేమో.

పెద్దాయనకు ఉన్నది ఒకటే కథ. ఓ ఏడాది పొడుగునా అందరూ సమ్మె చేస్తే తానొక్కడే కొలిమి ఆరకుండా కాపాడాడట. కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాడికి కూడా చెప్పందే వదిలేవాడు కాదు. తోటివాళ్ల కడుపు కొట్టిన మనిషికి పుట్టానని కూతురు లోలోపల కుంగిపోయేది.

ఆ ఆదివారం ఆమె, ఏ ఏడు ఎంత సీసం పడిందో ల్యాబులో గీసిన గ్రాఫు తెచ్చి చూపించింది. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"ఈ ఎత్తంతా మా కొలిమిదేనా?"

"నీదే నాన్నా. ఆ మంచు కరిగితే వచ్చే నీళ్లే మనం తాగేది."

ఆయన బాధపడతాడని ఆమె అనుకుంది. ఆయన మీసం దువ్వుకున్నాడు. "మా మేనేజరు బతికుంటే ఎంత మురిసిపోయేవాడో."

అంతలో ఆయన వేలు, గీత ఒక్కసారిగా పడిపోయిన చోట ఆగింది.

"ఇదేమిటి?"

"సమ్మె ఏడాది."

"ఆ ఏడు గాలి అటు వీచి ఉండదు."

బట్టలు మడతపెడుతున్న తల్లి తలెత్తకుండానే అంది. "గాలి కాదు, మసి లేదు. ఆ ఏడే బట్టలు తెల్లగా ఆరాయి. దండెం మీద ఆరేసింది మీ నాన్నే. ఆ కొలిమి కథ ఈయన మేస్త్రీ అయ్యాక పుట్టింది."

"అయితే నువ్వూ సమ్మెలో ఉన్నావా నాన్నా?" కూతురి గొంతులో సంతోషం దాగలేదు.

పెద్దాయన దొంగతనం బయటపడినవాడిలా తల దించుకున్నాడు. "అందరూ బయటికొచ్చాక నేనొక్కణ్ణీ ఏం చెయ్యను? ఈ మాట ఎవరితోనూ అనకు."

ఆ గ్రాఫుతో ల్యాబు వాళ్ల వ్యాసం అప్పటికే అచ్చుకు వెళ్లిపోయింది. సీసం తగ్గడానికి కారణం సమ్మేనని, కొలిమి పూర్తిగా ఆరిపోయిందని అందులో రాశారు. ఆమె ఆ సంగతి ఎత్తకుండా, చాలా ఏళ్లలో మొదటిసారి తండ్రి పక్కన చేరి కూర్చుంది.