సీసం ముక్క బిగించిన రెక్క

మొన్న మంగళవారం పొద్దున సారపాక నుంచి ఫోను వచ్చింది. ఉస్తాద్ పోయాడని ఆయన కొడుకు చెప్పాడు. "జల్దీ రా అన్నా, మధ్యాహ్నం నమాజు అయినంక తీస్కపోతం" అన్నాడు. ఖమ్మం బస్టాండులో నిలబడ్డాక కూడా నాకు ఏడుపు రాలేదు. ఆయనను ఒక మాట అడగాల్సి ఉంది, ఇక ఎవరిని అడగాలి అన్నదే బుర్రలో తిరిగింది. ఆ మాటేమిటో మీకు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఉస్తాద్ నాకు చుట్టం కాదు, బడిలో పాఠం చెప్పినవాడూ కాదు. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక లేతు మిషను, ఒక వెల్డింగు సెట్టు పెట్టుకున్న పనివాడు. రైసు మిల్లుల బ్లోయర్లు వణుకుతుంటే దమ్మపేట నుంచి కూడా ఆయన దగ్గరికే తెచ్చేవారు. నేను డిప్లొమా పూర్తి చేసి, అడవి ఊళ్లలో దీపాలు పెట్టించే ఒక చిన్న సంస్థలో అప్పుడే చేరాను. భద్రాచలం అవతల గుట్ట మీది గూడెంలో పిల్లల హాస్టలుకు కరెంటు లేదు. అక్కడ మూడు చెక్క రెక్కల గాలిమర నిలబెట్టి, దానితో బ్యాటరీలు నింపి, లైట్లు వెలిగించాలని మా ఆలోచన.

రెక్కలు తీసుకుపోయి, ఒక్కొక్కటి ఎంత బరువో గడగడా చెప్పబోయాను. "గది గాదు. బరువు ఏడున్నదో జెప్పు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాను.

రెండు ఇనప పట్టీలను సమమట్టంగా నిలబెట్టి, వాటి అంచుల మీద ఇరుసును పెట్టాడు. మూడు రెక్కల చక్రం దానంతట అదే మెల్లగా కదిలి, బరువు లాగిన వైపు కిందికి వచ్చి ఆగింది. తేలికైన వైపు రెక్కకు చిన్న సీసం ముక్క బిగించి మళ్లీ వదిలాడు. ఎక్కడ వదిలితే అక్కడే ఆగేదాకా చాయ్ ముట్టలేదు. అది చల్లారిపోయింది, ఆయన భార్య, నేను చాచీ అని పిలిచే ఆవిడ, మళ్లీ కాచి తెచ్చి తిట్టింది. ఆయన నవ్వాడు.

"గాలి మూడు రెక్కలకు ఒక్క తీరుగ కొట్టది బేటా" అన్నాడు చాయ్ తాగుతూ. "మీది రెక్కకు జోరుంటది, కింది దానికి చెట్లు అడ్డం. గది మన చేతుల లేదు. మన దిక్కు నుంచి తప్పు లేకుంట జూసుకునుడే మన పని."

ఆ తప్పు నా దిక్కు నుంచే వచ్చింది. గుట్ట మీదికి మోయడానికి రెక్కలు విడగొట్టాం. దారిలో సంత జరుగుతోంది. చింతపండు వ్యాపారి కాంటా కనబడేసరికి చెయ్యి ఊరుకోలేదు. తూచి చూస్తే సీసం ఉన్న రెక్క ఎక్కువ తూగింది. ముసలాయన పొరబడ్డాడనుకున్నాను. సీసం తీసేసి తూస్తే మూడూ సమానం. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ ముక్కను చేపల వలకు పనికొస్తుందన్న వ్యాపారికి ఇచ్చేశాను. రెక్కలన్నీ ఒకే బరువున్నా, ఒకదాని బరువు ఇరుసు దగ్గర, ఇంకోదాని బరువు కొస దగ్గర ఉండవచ్చునని, అలా ఉంటే చక్రం వణుకుతుందని నాకు తర్వాత తెలిసింది.

గాలిమర నిలబెట్టాక, వానాకాలంలో మొదటి పెద్దగాలికే దాని స్తంభం ఊగిపోయింది. ఒక రెక్క విరిగి హాస్టలు వంటగది కప్పు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఉస్తాద్‌ని తీసుకుపోయాను. సీసం ఉండాల్సిన రెక్కను ఒళ్లో పెట్టుకుని నిమిరాడు. ఖాళీ స్క్రూ రంధ్రాల దగ్గర వేలు ఆగింది. నా వైపు చూశాడు.

గూడెం పెద్దమనిషి వచ్చి, "గిది మాకొద్దు సారూ. పిల్లల మీద పడితే ఎవలు జవాబు?" అన్నాడు.

"తప్పు నాది" అన్నాడు ఉస్తాద్. "నేను బిగించింది ఊడింది. ఇంకొక్కపారి జూడనియ్యి పటేలా."

నేనే తీశానని చెప్పకుండా, వంగి విరిగిన చెక్క ముక్కలు ఏరసాగాను. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ ఏరుతూనే ఉన్నాను.

కొత్త రెక్క చేసి మళ్లీ సరిచూసినప్పుడు, "సీసం నువ్వే బిగియ్యి" అని స్క్రూ డ్రైవరు నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత గాలిమర చక్కగా తిరిగింది, హాస్టల్లో లైట్లు వెలిగాయి. ఆ స్క్రూ డ్రైవరు తలుచుకుంటే ఆయనకు అంతా తెలుసు అనిపిస్తుంది. కానీ అప్పటినుంచి ఆయన ప్రతి స్క్రూను మూడేసి సార్లు బిగించేవాడు. సరుకు తీసుకుపోయేవాడిని పిలిచి, "నువ్వు గూడ జూడు, ఊడుతదేమో" అనేవాడు. అది తలుచుకుంటే ఏమీ తెలియదనిపిస్తుంది. తెలిస్తే నన్ను కాపాడాడు. తెలియకపోతే, చేయని తప్పును తన చేతికి అంటగట్టుకుని ఇన్నేళ్లు బతికాడు. ఒకరోజు ఇదంటాను, ఒకరోజు అదంటాను. అడిగితే ఒక్క నిమిషంలో తేలేది. షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ చాయ్ తాగి వచ్చేశాను.

మట్టి వేసి వచ్చాక పక్కింటివాళ్లు తెచ్చిన అన్నం కొడుకు నాకు పెట్టాడు. చాచీ తలుపు పరదా వెనక కూర్చుని ఉంది. ఇక ఆగలేకపోయాను. "చాచీ, గుట్ట మీద గాలిమర సీసం ఊడలే. నేనే తీసిన" అన్నాను.

"ఆయనకు ఎరుకనో లేదో నాకేం జెప్పలే బేటా" అంది. "గాలి లేస్తే మాత్రం అన్నం ముందల్నుంచి లేచి బయటికి పోయేటోడు. చెట్ల కొసలు జూసుకుంట నిలబడి, గుట్ట మీద ఎట్ల తిరుగుతుందో ఏమో అనేటోడు. కూర సల్లారిపోయేది."

అది తెలిసినవాడి జాగ్రత్తో, తెలియనివాడి భయమో ఆమెను ఎలా అడగాలో తోచలేదు. అంతలో బయట జామాయిల్ చెట్లు హోరుమన్నాయి. కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలి లేచి, బయటికి వెళ్లి నిలబడ్డాను.