నాయన ఫైల్లో గొర్రెలు

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే మేలు. ఎందుకంటే ఈ పాడుపనిలో సగం నా చేతులు చేశాయి, సగం నా నోరు చేసింది.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. నేను మాత్రం రోజూ పొద్దున్నే రైలెక్కి హిందూపురం పోయి ఒక డీటీపీ సెంటర్లో పుస్తకాలు కంపోజ్ చేస్తాను. పెళ్లిపత్రికలు కొట్టీ కొట్టీ ప్రాణం విసిగిన రోజుల్లో పెనుకొండ సారు వచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు. ఊళ్లు తిరిగి, పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల బతుకుల్ని వాళ్ల మాటల్లోనే రాసుకొచ్చేవారు. మనిషికొక అధ్యాయం. అరవై మంది దాకా తేలారు.

అంత పుస్తకాన్ని ఒకే ఫైల్లో పెడితే కంప్యూటర్ మొరాయిస్తుంది. అందుకని ఊరికొక ఫోల్డర్ పెట్టాను: ధర్మవరం, ముదిగుబ్బ, నంబులపూలకుంట, అలా. ఫోల్డర్లో మనిషికొక ఫైలు. అన్నిటికీ పైన ఒక తల్లి ఫైలు. అందులో అధ్యాయాల పేర్లూ వరుసా మాత్రమే ఉంటాయి. ఏ ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో వెతికి పిలిచి, పేజీ నంబర్లు వేసి, పుస్తకంగా కట్టేది అదే. ఆ అమరిక చూసుకుని తెగ మురిసిపోయాను.

ధర్మవరం ఫోల్డర్లో మూడో ఫైలు మా నాయనది. సారు మా ఇంటికే వచ్చి, మగ్గం పక్కన చాప మీద నాలుగు ఆదివారాలు కూర్చున్నారు. ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు కదా సార్ అన్నాను.

"ఫోను ముందర పెడితే మనిషి బిగుసుకుపోతాడమ్మా" అన్నారు.

నిజమే. మాతో పట్టుమని పది మాటలు మాట్లాడని నాయన ఆయనతో గంటలు గంటలు మాట్లాడాడు. ఏం చెప్పాడో! నేను వంటింట్లో టీ కాస్తూ, టైపు కొట్టేది నేనే కదా, అప్పుడు చదువుకోవచ్చులే అనుకున్నాను.

చదవలేదు. ఈ పని చేసేవాళ్లకు తెలుసు, కళ్లు అక్షరాలు చూస్తాయి, వేళ్లు కొడతాయి, మాట లోపలికి దిగదు. ఇరవై పేజీలు కొట్టాను. ఇప్పుడు గుర్తున్నదల్లా 'ఆ పొద్దు వాన' అన్న ముక్క ఒక్కటే. ఏ పొద్దు, ఏ వాన? ఎంత తన్నుకున్నా రావడం లేదు.

సారు కాగితాలు రైల్లోనే వచ్చేవి. పొద్దున పెనుకొండ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడి, సంచీని కిటికీలోంచి అందించేవారు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆ కాగితాలూ ప్రూఫులూ కలిపి నేను అందించేదాన్ని. ఒకసారి ఆయన పాత ప్రూఫును కొత్తదనుకుని దిద్ది ఇచ్చారు. ఒక రోజంతా దిద్దినవే దిద్దాను. ఒళ్లు మండింది. మర్నాడు రైలు ఆగిన ఆ రెండు నిమిషాల్లోనే, పెద్దాయన అని కూడా చూడకుండా నోరు పారేసుకున్నాను.

"ఇన్నిన్ని కాగితాలు దాచిపెట్టుకుంటే నేను యాడ చచ్చేది సార్? ఫైల్లోకి ఎక్కినాక చింపి పారెయ్యండి. ఒకటే ఉండల్ల. అదీ నా కాడ ఉండల్ల."

"సరేలేమ్మా, అట్లే కానీ" అన్నారు. అన్నట్టే చేశారు. రాతప్రతి, ప్రూఫులు, ఒక్కటి మిగలకుండా.

మగ్గం ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. చీరలు దిగిపోయినా పాత పడుగు కొసల్ని మగ్గం నుంచి తీసెయ్యరు. కొత్త పడుగు తెచ్చి, ఒక్కో పోగునూ ఆ కొసలకే అతుకుతారు. మగ్గాన్ని మొదటినుంచీ కట్టుకునే బాధ తప్పుతుంది. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చునేదాన్ని. పోగు తెగితే ఆయన తలెత్తకుండా రెండు వేళ్లు చాపేవాడు. తెగిన కొస వెతికి ఆ వేళ్ల మధ్య పెట్టడం నా పని.

కంప్యూటర్ దగ్గరా నాకు ఆ అలవాటే వచ్చింది. కొత్త ఫైలు తెరిచిన పాపాన పోలేదు. అయిపోయిన అధ్యాయం తెరిచి, లోపలి మాటలు చెరిపి, ఆ మార్జిన్ల మీదే, ఆ అక్షరం సైజులోనే కొత్తది కొట్టి, వేరే పేరుతో వేరే ఫోల్డర్లో దాచేదాన్ని. ముదిగుబ్బ గొర్రెల కాపరి అధ్యాయాన్ని అలా నాయన ఫైలు తెరిచి మొదలుపెట్టాను. సగం అయ్యేసరికి రైలు టైమైంది. పేరు మార్చకుండానే సేవ్ కొట్టి స్టేషన్‌కు పరిగెత్తాను. మర్నాడు మిగతాది పూర్తిచేసి ముదిగుబ్బ ఫోల్డర్లో పెట్టాను. ఆ శనివారం ఎప్పటిలాగే అన్ని ఫోల్డర్లనూ పెన్‌డ్రైవ్‌లోకి, పాతవాటి మీదే కాపీ చేశాను. పాతవి మార్చమంటావా అని అది అడిగింది కూడా. చూడకుండా అవునన్నాను.

తర్వాత నాయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. 'ఊ' ఒక్కటే మిగిలింది.

"పుస్తకం ప్రెస్సుకు పొయ్యేముందర మీ నాయనకు చదివి వినిపించమ్మా. ఆయన మాట ఆయన వినల్ల" అన్నారు సారు. నాయనకు ఆ సంగతి చెప్పినప్పటినుంచీ, సాయంత్రం నేను ఇంట్లో అడుగుపెడితే చాలు, నా బ్యాగు వైపే చూసేవాడు.

ఒక ఆదివారం ప్రింటు తీసుకుని ఆయన మంచం పక్కన కూర్చున్నాను. పైన తల్లి ఫైలు వేసిన పేరు నాయనదే. చదవడం మొదలుపెట్టాను.

"కరువొస్తే మందను తోలుకోని పోతాంటిమి."

నాయన "ఊ" అన్నాడు. మాకు మంద ఎక్కడిది? అయినా ఇంకో వాక్యం చదివాను, ముందుకు పోతే ఆయన మాట దొరుకుతుందేమోనన్నట్టు. ఈసారి 'ఊ' రాలేదు. తల తిప్పి నన్ను చూశాడు.

కాగితాలు అక్కడే పెట్టి బయటికొచ్చి సారుకు ఫోన్ చేశాను.

"చింపేస్తినమ్మా. నువ్వే చెప్తివి కదా" అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"మీకేమన్నా గుర్తుండాదా సార్?"

"రెండు మూడు సంగతులు చెప్పగలను. అయితే అది నా మాట అయితాది. మీ నాయన మాట యాడొస్తాది?"

హిందూపురంలో కంప్యూటరంతా వెతికాను. ఆ పని తెలిసినవాళ్లను బతిమాలి తెచ్చి చూపించాను. లాభం లేకపోయింది. ఛీ, ఎంత బతిమాలితే ఏం! నాయన ఫైలును తీసేసి చూస్తే, ఫైలు కనబడడం లేదంటూ తల్లి ఫైలు అక్కడే ఆగిపోయింది. చివరికి ఆ పేరుతోనే ఒక ఖాళీ ఫైలు పెట్టాను. పుస్తకం కదిలింది. ఒక పేజీలో పైన నాయన పేరు, కింద ఏమీ లేదు.

ఆ పేజీ తీసుకెళ్లి నాయనకు చూపించాను. దాచిపెట్టడానికి మనసొప్పలేదు.

"నీ మాటలు పోగొట్టినా నాయనా. నా చేత్తోనే చెరిపేస్తి. యాడా దొరకలా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

నాయన ఆ తెల్లకాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత, నా వైపు తిరగకుండానే, ఎడమచేతి రెండు వేళ్లు చాపాడు. చాపి, అట్లాగే ఉంచాడు.