బెరడు మీద డోపు

"మా చెట్లకి ఏం పూశావురా?"

లక్ష్మీనరసింహారావు గారు ఈ మాట అడిగింది ఆగిరిపల్లి దగ్గర తన మామిడితోటలో నిలబడి, జూన్ నెలలో, ఆ ఏటి ఆఖరి లోడు వెళ్లిపోయిన మర్నాడు. ఆయన చేతిలో చెట్టు మొదలు నుంచి ఊడొచ్చిన బెరడు ముక్క ఉంది. పైన ఎండకి నల్లబడిన జిడ్డు, లోపల కుళ్లు. ఎదురుగా ఉన్నవాడు ఆ తోటని మూడేళ్లుగా కౌలుకి చేస్తున్న వీరరాఘవులు.

రాఘవులు తెగులండీ అంటే సరిపోయేది. ఆ ఏడు విస్సన్నపేట వైపు కూడా చెట్లు ఎండుతున్నాయన్న పుకారు ఉంది, దాని చాటున దాక్కోవచ్చు. దాక్కోలేదు.

"డోపండీ బాబుగారూ."

"డోపంటే?"

"రిగ్గు మీద గ్యాసు పైపులకి పూస్తామండీ. అదే."

రావుగారు బెరడు ముక్కని కింద పడేసి పంచెకి చెయ్యి తుడుచుకున్నారు. నిజం చెప్పినవాడికి మేలు జరుగుతుందని పిల్లల వాచకాల్లో ఉంటుంది. వాచకాలు రాసినవాళ్లెవరూ కౌలుకి తోట చేసి ఉండరు.

రాఘవులుది ముసునూరు. తండ్రి తోటల్లో కోత కూలీ. కోతలు అయిపోయాక పని ఉండదు, ఉన్నా కూలి చాలదు. అందుకని ఇరవై నాలుగేళ్ల వయసులో కైకలూరు వైపు గ్యాసు బావులు తవ్వే రిగ్గు మీద ఓ కాంట్రాక్టరు దగ్గర చేరాడు. మొదట్లో పైపులు దొర్లించే పని. తర్వాత చేతికి బ్రష్షూ బకెట్టూ ఇచ్చారు. ఆ రెండూ ఇరవై ఏళ్లు వదల్లేదు.

ఆ పని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. బావిలోకి దించే ఇనప గొట్టాలు ఒక్కోటి నలభై అడుగులు ఉంటాయి. ఒకదాని కొసకి మరలుంటాయి, రెండోదాని మూతిలో వాటికి జోడీ మరలుంటాయి. టాంగు అనే యంత్రం గొట్టాన్ని పట్టి తిప్పి బిగిస్తుంది. ఎంత బిగించినా మరకీ మరకీ మధ్య వెంట్రుకంత సందు, మెలికలు తిరుగుతూ, ఉండనే ఉంటుంది. భూమి అడుగునుంచి తన్నుకొచ్చే గ్యాసుకి ఆ సందు చాలు. దాన్ని మూసేది డోపు. గ్రీజులో సీసం, జింకు, రాగి పొడులూ గ్రాఫైటూ కలిపిన బూడిదరంగు ముద్ద. గ్యాసుని ఆపేది గ్రీజు కాదు, అందులోని పొడి. గ్రీజు దాన్ని మోసుకెళ్లి సందులో కూర్చోబెడుతుంది, అంతే.

పూయడానికో పద్ధతుంది. ముందు మరలు డీజిలుతో కడగాలి. బ్రష్షుతో రుద్ది, గుడ్డతో ఆరతుడవాలి. దుమ్ము, తడి, పాత జిడ్డు ఏమీ మిగలకూడదు. అప్పుడు మర అడుగుదాకా, చుట్టూతా, ఎక్కడా ఖాళీ లేకుండా డోపు పట్టించాలి. మరీ మందంగా పూస్తే టాంగు మీటరు తప్పుడు లెక్క చూపిస్తుంది, బిగియనిది బిగిసినట్టు కనిపిస్తుంది. పల్చగా పూస్తే ఇనుముని ఇనుము కొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటే: డోపుకీ లోహానికీ మధ్య ఏదీ ఉండకూడదు. రాఘవులు పూసిన గొట్టం పరీక్షలో కారిందని ఆ ఇరవై ఏళ్లలో ఎవరూ అనలేదు.

పదిహేను రోజులు రిగ్గు, పదిహేను రోజులు ఇల్లు. నలభై దాటాక నడుం పట్టేసేది. ఎండలో ఇనప మెట్లెక్కి దిగడం ఇంక తన వల్ల కాదని అతనికే తెలిసింది. భార్య భవాని కాయలు గ్రేడింగు చేసే పనికి వెళ్లేది. ఇద్దరూ కూడబలుక్కుని రావుగారి తోట కౌలుకి తీసుకున్నారు. "మూడేళ్లు చూస్తానురా. తోట బాగుంటే పదేళ్లు నీకే రాసిస్తా, రిగ్గు మానేసి ఇక్కడే పడుండు" అన్నారు రావుగారు. రాఘవులు కోరుకున్నది కూడా సరిగ్గా అదే. తోట నిలబడితే రిగ్గు మానొచ్చు.

మొదటి ఏడు డిసెంబరులో పిండినల్లి వచ్చింది. నేలలోంచి పుట్టి, చెట్టెక్కి, పూతనీ పిందెనీ పీల్చేసే తెల్ల పురుగు అది. దానికి అందరూ చేసేది ఒకటే: మొదలు చుట్టూ పాలిథీన్ పట్టీ కట్టి, దాని మీద గ్రీజు పూస్తారు. పురుగు ఎక్కలేక జారిపోతుంది. ఆ మామూలు గ్రీజు ఎండకి కరిగి కారిపోతుందని రాఘవులు ఎగతాళి చేసేవాడు. రిగ్గు మీద బకెట్ల అడుగున మిగిలిన డోపు పారేస్తుంటారు. అది ఏ ఎండకీ కరగదు. నాలుగు బకెట్లు బండి వెనక కట్టుకుని తెచ్చాడు.

"కవరు కట్టి పూస్తారంట కదయ్యా?" అంది భవాని.

"మధ్యలో కవరుంటే ఇంకేం పడుతుందే? పురుగు కవరు కిందనుంచి దూరిపోదూ? ఇరవై ఏళ్లు గ్యాసునే ఆపాను, చీమంత పురుగుని ఆపలేనా?"

భవాని ఇంకేం అనలేదు. గొట్టాల సంగతి తెలిసినవాడు అతను.

చెట్టుని గొట్టంలా తోమాడు. తీగ బ్రష్షుతో పెచ్చులన్నీ రాల్చి, పచ్చి బెరడు తేలేదాకా రుద్ది, గుడ్డతో తుడిచి, ప్రతి పగులులోకీ డోపు కూరి, చుట్టూ జానెడు వెడల్పున పట్టించాడు. ఆ విడత సెలవంతా దానికే పోయింది. పక్కతోట కౌలుదారు పాల్ రాజు కంచె మీదనుంచి చూసి, "ఏంటి రాఘవులూ, మీ చెట్లలోంచి కూడా గ్యాసు పోతోందా?" అని నవ్వాడు.

"నీ తోటలో పిండినల్లి పోతే చాల్లే, నా గ్యాసు సంగతి నేను చూసుకుంటా."

ఆ వేసవి పాల్ రాజు చెట్లకి తెల్లగా పురుగు పట్టింది. రాఘవులు చెట్ల మీద ఒక్క పురుగు లేదు. పాల్ రాజు నవ్వు మానేసి డోపు అడిగాడు. బకెట్లు అయిపోయాయని రాఘవులు అబద్ధం చెప్పాడు. ఆ పిసినారితనమే పాల్ రాజు తోటని కాపాడింది.

రెండో డిసెంబరులో పాతదాని మీదే మళ్లీ పూశాడు. మూడో డిసెంబరులోనూ. ఆ మూడో ఏడు చెట్లు ఆకు కనపడనంతగా పూశాయి. రావుగారు నూజివీడునుంచి చుట్టాల్ని తీసుకొచ్చి చూపించారు. కాగితం రాయిద్దాం అన్నారు. ఏప్రిల్‌లో రాఘవులు రిగ్గు మానేశాడు.

మామిడి అలా విరగబడి పూయడం ప్రతిసారీ సంతోషించాల్సిన విషయం కాదు. మొదలు చుట్టూ బెరడు చచ్చిపోతే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకి దిగదు. కొమ్మల్లోనే నిలిచిపోయి పూతగా బద్దలవుతుంది. వేళ్లు పస్తుంటాయి. చెట్టు ఒకటి రెండేళ్లు అలా నిండుగా కనిపించి, తర్వాత ఎండిపోతుంది. ఆ జిడ్డు కింద బెరడుకి గాలి ఆడలేదు. ఎండకి డోపు వేడెక్కి ఉడికించింది. తోమి పల్చన చేసిన చోట అది ఇంకా లోపలికి దిగింది. ముసలి రసాల చెట్లు మందం బెరడుతో తట్టుకున్నాయి. పదేళ్ల బంగినపల్లి చెట్లే పోయాయి, మొత్తం పద్దెనిమిది. వ్యవసాయాధికారి వచ్చి, "పాలిథీన్ మీద పూయాలండీ, బెరడు మీద కాదు" అని భవాని మాటే జీపులో వచ్చి చెప్పి వెళ్లాడు.

అనుభవం గొప్ప గురువు అంటారు. రాఘవులుకి అనుభవం తక్కువై కాదు ఇది జరిగింది. ఇనుము దగ్గర నేర్చుకున్నదాన్ని తు.చ. తప్పకుండా కర్ర దగ్గర పాటించాడు. బద్ధకస్తుడైతే తోమకుండా పైపైన పూసేవాడు, సగం చెట్లయినా బతికేవి.

రావుగారు కేసు పెట్టలేదు. "తోట వదిలెయ్. చెట్టుకి పదిహేను వేలు కట్టు. నీ మాట చాలు నాకు" అన్నారు. రెండు లక్షల డెబ్బై వేలు. ఊళ్లో దీన్ని పెద్దమనిషి తరహా అన్నారు. కాగితం, సంతకం ఏమీ లేకుండా మాట మీద వదిలేశారు కదా అని. మాట మీద వదిలేస్తే తప్పించుకోలేనివాడెవడో రావుగారికి బాగా తెలుసు.

ఆ ఏటి కాపు మీద మిగిలిన ఎనభై వేలూ పట్టుకెళ్లి ఇచ్చి, రాఘవులు మళ్లీ కైకలూరు బస్సెక్కాడు. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు ఫణి, రాఘవులు కళ్లముందు పనిలో చేరిన కుర్రాడు. తక్కువ జీతానికే అయినా తీసుకున్నాడు. "రా అన్నా, నీ బకెట్టు నీకోసమే ఉంది."

మొదటి రోజే తేడా కనిపించింది. రాఘవులు మరలు ఎప్పట్లాగే కడిగాడు, తుడిచాడు. బ్రష్షు డోపులో ముంచాక చెయ్యి ఆగిపోయింది. కొసతో అద్ది వదిలేశాడు.

"ఏంటన్నా, గడపకి బొట్టు పెడుతున్నావా? పూయి!" అని అరిచాడు ఫణి.

పూశాడు. మర్నాడు మళ్లీ పల్చగా. టాంగు తిప్పుతుంటే గొట్టం కీచుమని అరిచి పట్టేసింది. వెనక్కి తిప్పి విడదీస్తే మరలు చిట్లి ఉన్నాయి. గొట్టం పక్కన పడేశారు. ఆ వారంలోనే ఇంకోటి.

ఫణి అతన్ని పక్కకి తీసుకెళ్లాడు. "నీకు తెలియందేముందన్నా. ఇరవై ఏళ్లు పూశావు."

"తెలుసు సార్."

"మరి?"

"ఇనుముకి ఏం కాదని తెలుసు సార్. చెయ్యి రావట్లేదు."

మూడో గొట్టం పోతే ఫణి ఉద్యోగం పోతుంది. "పైపులు దొర్లించే పనేసుకో అన్నా" అన్నాడు. చేరిన మొదటి రోజు చేసిన పని. నడుం రెండు నెలలు ఓర్చుకుంది. తర్వాత రాఘవులు ఇంటికొచ్చేశాడు.

ఇప్పుడు నూజివీడు మామిడి మార్కెట్లో ట్రేలు మోస్తాడు, సీజనున్నంతకాలం. భవాని అక్కడే కాయలు ఏరుతుంది. మూడేళ్లలో ఆమె ఆ మాట ఒక్కసారే ఎత్తింది, మధ్యాహ్నం ట్రేల నీడలో అన్నం తింటున్నప్పుడు.

"కవరు కట్టమన్నాను."

"అన్నావు."

"అని ఊరుకున్నాను. నేనే కట్టేసుంటే పోయేది."

ఆమె తన గిన్నెలోని అన్నం సగం అతని గిన్నెలో వేసింది. అతను తినలేదు, అలాగని వద్దని తిరిగి వేయనూ లేదు. లోడు లారీ వచ్చిందని ఎవరో కేకేస్తే లేచి వెళ్లాడు.

ఎండిన చెట్లని రావుగారు నరికించి కలప అడితికి అమ్మారు. ఆ డబ్బు బాకీలో తగ్గించలేదు, రాఘవులు అడగలేదు. ఆ స్థలంలో కొత్త మొక్కలు నాటించి తోట పాల్ రాజుకి కౌలుకిచ్చారు.

ఈ సీజను కట్టింది పోగా రాఘవులు రావుగారికి ఇంకా లక్షా ముప్పై రెండు వేలు ఇవ్వాలి.