మొదటి బంతికి యూరప్ లెక్క

ఉక్కు ఫ్యాక్టరీ పక్కన, బర్మామైన్స్‌లో మా క్వార్టర్ల వరసకి ఒక ఆచారం ఉండేది. పండగ పూట అందరం కలిసి వేటమాంసం వండుకునేవాళ్ళం. షిఫ్టుకి వెళ్ళేవాళ్ళది మొదటి బంతి, సైరన్ ఎవరి కోసమూ ఆగదు కనక. ఉద్యోగం లేనివాళ్ళు వడ్డించి ఆఖరి బంతిలో తినాలి. అప్పటికి గుండిగలో మిగిలేవి బంగాళాదుంపలు. నాన్న పోయాక మా ఇంట్లో అమ్మకీ, అన్నయ్యకీ, నాకూ ఉద్యోగం లేదు. ఎనభైల మొదట్లో, బీఎస్సీ పాసైన నేను పండగ పండగకీ ఆ దుంపలే తిన్నాను. ఇది నేను మరిచిపోయే విషయం కాదు.

పక్కింటి మావయ్య క్రేన్ నడిపేవాడు. డ్యూటీ దిగి వచ్చి వరండాలో హిందీ పేపరు చదివేవాడు. ఒక సాయంత్రం అందులో యూరప్‌లో ఏ దేశంలో నిరుద్యోగం ఎంత ఉందో వేశారు. ఆయన ఆ దేశాలన్నీ మా వరసకి పంచేశాడు. అందరికీ పనులున్న మూలిల్లు స్విట్జర్లాండ్. తనది జర్మనీ.

"మీది స్పెయిన్‌రా. అక్కడా కుర్రోళ్ళు మీ అన్నదమ్ముల్లాగే కాళీగా తిరగతన్నారంట."

మర్నాటికల్లా కుళాయి దగ్గర మా అమ్మని 'స్పెయినొదినా' అని పిలిచారు. ఎవరెవరు పిలిచారో ఇప్పటికీ చెప్పగలను.

నేను సాక్చిలో లైబ్రరీకి పోయి పుస్తకాలు తిరగేశాను. దొరికింది. పని లేకపోతే చాలదు, పని వెతుకుతూ ఉంటేనే నిరుద్యోగి. పండగ ముందు మావయ్యని పట్టుకున్నాను.

"మావయ్యా, మా అమ్మ మిషను మీద లంగాలు కుట్టి అమ్ముతంది. యూరప్‌లో అదీ ఉద్యోగమే."

"సరే, ఒప్పుకున్నాను."

"అన్నయ్య పని ఎతకడు. పొద్దల్లా తొంగుంటాడు. ఎతకనోడు నిరుద్యోగుల లెక్కలోకి రాడు."

"ఏటీ, అసలు రాడా?"

"రాడు. ఇంక నేనొక్కడినే. ఒక్కడికోసం ఇల్లంతా స్పెయినేటి? నాకూ మొదటి బంతిలో ఆకెయ్యాల."

మావయ్య గడ్డం గోక్కున్నాడు. "బాత్ సహీ హై, మాట నిజమే. ఈ పండక్కి నీ యూరప్ లెక్కే."

ఆ రాత్రి నేను కలలో ఎముక కొరికాను.

పండగనాడు మా అమ్మ మొట్టమొదటిసారి డ్యూటీ మనుషుల మధ్య కూర్చుంది. కొత్త చీర కట్టింది, తల దించలేదు. నేను పక్కన కూర్చోబోయేలోగా మా అన్న కళ్ళు నులుముకుంటూ వచ్చి నా ఆకు ముందు చతికిలబడ్డాడు.

"ఈడేటి ఇక్కడ?" అని అరిచాను.

"నిరుద్యోగులు గదరా వడ్డించాల," అన్నాడు మావయ్య. "ఆడు నిరుద్యోగి కాడని నువ్వే సెప్పినావు."

"ఉద్యోగీ కాడు గదా!"

"అటూ ఇటూ కానోడు సుట్టం. సుట్టానికి మొదటి బంతే గదరా మనకి. నువ్వంటావా, పని ఎతుకుతన్న అసలు సిసలు నిరుద్యోగివి. ఇంద, గరిటట్టుకో."

వరస వరసంతా నవ్వింది. స్విట్జర్లాండ్‌కైతే పొలమారింది.

"తమ్ముడూ, ఆ మూలుగెముక ఇటెయ్యి," అన్నాడు మా అన్న.

"ఎయ్యరా నాయినా, సల్లారిపోతంది," అంది అమ్మ. ఆవిడా నవ్వుతోంది.

వేశాను. వాడు పులుసు కూడా అడిగాడు. వినపడనట్టు ఆ గరిటెడూ అమ్మ ఆకులో పోశాను.