నిద్ర నేర్చుకున్న బాబాయి

మా పక్కింటి బాబాయి గతవారం కన్నుమూశాడు. "నిద్రలోనే పోయాడట, అదృష్టవంతుడు" అని చూడ్డానికొచ్చినవాళ్ళంతా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నిద్ర కోసం ఆయన ఎంత యాతన పడ్డాడో వాళ్ళకేం తెలుసు?

బాబాయి అనంతగిరి ఘాట్‌లో సర్వీసు జీపు నడిపేవాడు. ఒక వానాకాలం జీపు బోల్తాపడింది. మనిషి బతికాడు గానీ నడుం మళ్ళీ బాగుపడలేదు. నొప్పికి మాత్రలు, ఆ మాత్రలకు కడుపులో మంట. నిద్ర మాత్రం రాదు. పగలంతా రగ్గు కప్పుకుని, పక్కన కుంపటి పెట్టుకుని మంచానికే అతుక్కుపోయాడు. "సచ్చిపోతే బాగున్ను" అనేవాడు, అదీ మామూలు గొంతుతో. అలా అన్నప్పుడల్లా పిన్ని లోపలికెళ్ళి ఏడ్చేది.

అప్పటికి నేను అరకులో మా ఇంటి ముందుగదిలోనే ఇంటర్నెట్ సెంటరు పెట్టి కొన్నాళ్ళయింది. నొప్పులున్నవాళ్ళకి నిద్ర నేర్పే పాఠాలు నెట్‌లో ఉంటాయని, వారం వారం చదివి పాటించాలని విశాఖ డాక్టరు చెప్పాడట. పాఠాలన్నీ ఇంగ్లీషులో. చదివి చెప్పే పని నాకు పడింది. వానకి ఫోను లైను పోతే ఆ వారం పాఠమూ పోయినట్టే.

మొదటి పాఠం వినగానే బాబాయి గయ్యిమన్నాడు. "నిద్దర రాపోతే మంచం దిగిపోవాలా? పగలు నడుం వాల్చకూడదా? ఏటే గుంటా, ఇది మందా, శిక్షా?"

"కంప్యూటరుతో దెబ్బలాడుకో బాబాయ్, నన్నంటావేం?" అన్నాను. నవ్వాడు. జీపు పడ్డాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

మా వీధిలో జబ్బుమనిషిని చూడ్డానికి వెళితే "లేవకు, పడుకో" అనడం మర్యాద. బాబాయేమో గుమ్మం ముందు బల్ల మీద నిటారుగా కూర్చునేవాడు. చూసినవాళ్ళు పిన్నిని తిట్టిపోసేవారు. ఆవిడకి అంతకన్నా కష్టం ఆయన్ని పొద్దున లేపడం. రాత్రి ఎలా గడిచినా రోజూ ఒకే వేళకి లేవాలని పాఠం. "రాత్రంతా కన్ను మూయనోడిని తెల్లారగానే లేపమంటావేటే? నీకు జాలి లేదేటి?" అని నా మీద విరుచుకుపడేది. అలా అంటూనే రోజూ లేపేది. ఆయన మూలుగుతూ ఒత్తిగిల్లడం చూడలేక మొహం తిప్పుకునేది.

నెలలు పట్టింది గానీ నిద్ర వచ్చింది. నిండుగా కాదు, తునకలు తునకలుగా. నొప్పి మాత్రం తగ్గలేదు. "నొప్పి నాతోనే ఉంటాది, ఉండనీ. నిద్దర్లోకి మాత్రం ఎంటబడి రానివ్వను" అనేవాడు. కుంపటి తీయించేశాడు. జీపుల స్టాండుకెళ్ళి కూర్చుని, మలుపుల్లో హారన్ కొట్టండ్రా అని డ్రైవర్లని విసిగించేవాడు. చచ్చిపోతే బాగుండునన్న మాట మళ్ళీ ఆయన నోట వినలేదు. అందుకు ఆయనకి దండం పెట్టాలి.

గతవారం ఒకరోజు పొద్దున సెంటరు షట్టరు ఎత్తబోతుంటే, పిన్ని చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"సప్పుడు సెయ్యకే. బాబాయి ఇంకా నిద్దరోతన్నాడు."

"లేపలేదా పిన్నీ?"

"ఈ ఒక్కరోజూ వదిలీవే. తెల్లారగట్ల నుంచీ ఒక్క మూలుగు లేదు. సంటిపిల్లోడిలాగ పడుకున్నాడు."

పాలవాణ్ణి బెల్లు కొట్టనివ్వలేదట. ఎదురింటివాళ్ళ టీవీ కూడా ఆపించిందట. ఆవిడ మొహం అంతలా వెలిగిపోవడం నేనెన్నడూ చూడలేదు. నాకూ సంతోషమేసింది. షట్టరు సగంలోనే ఆపేశాను. పిన్ని పెదాల మీద వేలు పెట్టుకుని, నాకేసి నవ్వి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్ళింది.